బడిలో గుండీలు కుట్టిన రోజు

అమ్మా, తప్పులుంటే దిద్దుకుని చదువుకో, నా రాత కోడి కెలికినట్టే ఉంటుంది. మా ఆయన మొదటి భార్య కూతురు నన్ను ఏ వరసా పెట్టి పిలవదని, ఇక వచ్చేస్తానని పోయిన ఉత్తరంలో రాశాను కదా. నిన్న దాని మూడో తరగతి టీచరమ్మ నన్ను బడికి పిలిచి, పిల్లలందరి చేతా గుడ్డముక్క మీద గుండీ కుట్టించమంది. సిగ్గుపడుతూనే సూదిలో దారం ఎక్కించి, ఎలా కుట్టాలో చెప్పడం మొదలుపెట్టాను. ఒకడు గుడ్డని తన లాగూకే కలిపి కుట్టేసుకున్నాడు. క్లాసంతా ఒకటే గోల. అప్పుడు మన పిల్ల బెంచీ ఎక్కి, "నోరు ముయ్యండ్రా! మా అమ్మ చెబుతోంది, వినపడట్లా?" అని కసిరింది. ఇంటికొచ్చాక "అమ్మా, ఆకలి" అంది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? పాత గుండీల డబ్బా తమ్ముడితో పంపు, టీచరమ్మ మళ్లీ రమ్మంది. నాన్నకి నా నమస్కారాలు. ఆయన కంటపడకముందే ఆ పోయిన ఉత్తరం పొయ్యిలో పడెయ్యి.

నీ చిన్నది