రాలని ఇప్పపువ్వు

మంగళవారం, ఎర్రబోరు

మేడమ్‌కు అబద్ధం చెప్పాను. నేనే! ఇంకా నమ్మలేకపోతున్నాను.

పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టేలోగా కాస్త పరిశోధన అనుభవం ఉండాలని యూనివర్సిటీలో ఆవిడ చేస్తున్న అటవీ ఉత్పత్తుల సర్వేలో చేరాను. ఎర్రబోరు మా మేనత్త ఊరే కదా, నాకు నిజమే చెబుతారనుకున్నాను. ఏ ఇంట్లో అడిగినా, "ఈ యేడు ఇప్పపువ్వు రాలలే బిడ్డా" అన్నారు. అందరి మాటా ఒక్కటే కావడంతో మేడమ్ మురిసిపోయారు. నా దరఖాస్తులో కూడా అదే గొప్పగా రాసుకున్నాను.

ఇవాళ అత్తవాళ్ల మేక తప్పిపోతే వెతుకుతూ వాగు దాటాను. అవతల బండల మీద ఊరందరి పువ్వూ ఆరబోసి ఉంది. కాలు పెట్టే సందు లేదు. అత్త చాప మీద కూర్చుని పువ్వు తిరగేస్తోంది.

"ఏంది అత్తా ఇది?"

"అడగొచ్చినోళ్లకు ఏం చెప్పాల్నో ఊరంతా కూసొని అనుకుంటం. వాళ్లు పోయినంక ఫారెస్టోళ్లొస్తరో, ఇంకెవరొస్తరో మాకేమెరుక?"

"నేను నీ మేనకోడల్ని!"

"కాగితాలు పట్టుకొని వచ్చినవు గదా."

అంతలో మేడమ్ ఫోన్. "పువ్వు ఎవరికీ రాలలేదన్నది ఖాయమేనా? వ్యాసం పంపేస్తున్నాను."

అత్త చెయ్యి ఆగిపోయింది. నిజం చెబితే ఊరిని పట్టించినట్టు. చెప్పకపోతే నా చదువు, నా దరఖాస్తు, అన్నీ అబద్ధం మీదే...

"రాలలేదు మేడమ్" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందా మాట! ఊళ్లో అందరూ నాతో అన్నట్టే అన్నాను.

అత్త చాప మీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది.