గోడ మీద నా వీపు

మరిదికి,

క్షేమసమాచారాలు తర్వాత, ముందు ఇది చదువు. వీధి గోడకు సున్నం కొట్టించి, "నోటితో చెప్పలేనిది బొమ్మ గీయండి" అని అందరి చేతికీ రంగులిచ్చి నీ దారిన నువ్వు వెళ్లిపోయావు. నోట్లో నాలుక లేని మీ అన్నయ్య ఏం గీశారో తెలుసా? పొయ్యి ముందు నిలబడ్డ నా వీపు! జాకెట్టు మీది అతుకుతో సహా! దర్జీ భార్యకు అతుకుల జాకెట్టా అని వీధంతా ముసిముసి నవ్వులు.

"నా మొహం ఏమైందండీ?" అని నిలదీశాను.

"నువ్వెప్పుడు ఇటు తిరిగావు గనక?" అన్నారు, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే!

ఆదివారం వచ్చి, ఆ పక్కనే నాకూ కాస్త చోటు చూపించు. ఇరవై ఏళ్లుగా నాకు కనిపించింది ఆయన నడినెత్తే. అయినా నేను మొహమే గీస్తాను. గీసినంతసేపూ తలెత్తి నావైపు చూడమని నువ్వే చెప్పు. నేను చెబితే వినరు.

మీ వదిన