మోటారు లిఫ్టు ఎవరి కోసం

మిన్నెసోటా, ఏప్రిల్ 22

సోల్వేగ్,

సరస్సు మీది మంచు కరిగింది. శనివారం ఒడ్డున పడవను పైకెత్తి నిలిపే కొత్త లిఫ్టు బిగిస్తారు. నువ్వు వచ్చేలోగా ఒక సంగతి తెలియాలని రాస్తున్నాను.

పోయిన అక్టోబరులో పడవను నీళ్లలోకి దించుతుండగా పాత లిఫ్టు చక్రం పట్టు తప్పి గిర్రున తిరిగి, మీ తాతయ్య భుజం విరిచింది కదా. ఇంకో దెబ్బ తగిలితే ఆ చేయి ఇక లేవదని డాక్టరు చెప్పాడు. అయినా కొత్తది కూడా చేత్తో తిప్పేదే కావాలని ఆయన పట్టుబట్టాడు. నిన్న దుకాణంలో మోటారు లిఫ్టు చూపిస్తే, "రేపు చేపను కూడా బటన్ నొక్కి పట్టమంటావా?" అని వెక్కిరించాడు.

"సోల్వేగ్ కూడా వాడుతుంది కదా" అన్నాను.

ఆయన చేత్తో తిప్పే లిఫ్టు చక్రాన్ని ఓసారి పట్టి చూశాడు. తరవాత దుకాణదారుతో, "పిల్లకి ఇదెక్కడ తిరుగుతుంది! మోటారుదే ఇవ్వవయ్యా. నా కోసం కాదు సుమా, పిల్ల కోసం" అన్నాడు.

ఆగస్టులో మన ఒడ్డున నీరు మోకాలి లోతుకు తగ్గుతుంది కనుక, తక్కువ నీటిలో పనిచేసే రకం ఎంచాను. ఇన్ని నెలలకు నిన్న హాయిగా నిద్రపోయాను.

ఇక నువ్వు చేయవలసినవి:

1. లిఫ్టు బిగించగానే ముందు నువ్వే బటన్ నొక్కాలి.
2. తరవాత ఆయనను నొక్కమనాలి.
3. బరువులెత్తే పోటీలో నువ్వు గెలిచిన కప్పు సంగతి ఎత్తకూడదు. ఆయనకు తెలుసు. మా ఇంట్లో ఉన్న ఆ కప్పును రోజూ తుడిచేది ఆయనే.

మీ నాయనమ్మ