చలికాలంలో అమ్మమన్న ఇల్లు

అన్నా,

లోపాలు కనబడని కాలం చూసి ఇల్లు అమ్మడం తెలివా, మోసమా? నాన్న చనిపోయిన ఏడాది నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది. "అమ్మితే చలికాలంల అమ్మాలె. బావిల నీళ్లుంటయ్, కప్పు కురువది. కొనెటోనికి ఏ తక్లీఫ్ కనబడది" అని అప్పుడు నువ్వు నవ్వావు.

నిజాం మీద పోలీస్ యాక్షన్‌కు ముందు వరంగల్ వెళ్లొస్తానని బయల్దేరావు. అప్పటినుంచీ నీ కబురే లేదు. ఈ ఉత్తరం నీకు అందదని తెలిసే రాస్తున్నాను. చిలకలగూడ ఇల్లు ఒక్కదాన్నే చూసుకోలేక, నువ్వు చెప్పినట్టే ఈ చలికాలంలో అమ్మకానికి పెట్టాను.

నిన్న దళారి ఒక రైల్వే గుమాస్తాను తీసుకొచ్చాడు. ఆయన బావిలోకి తొంగిచూసి, "నీళ్లు మంచిగున్నయమ్మా" అని సంతోషపడ్డాడు.

"ఎండాకాలం ఎండిపోతదండీ. వానొస్తే వంటిల్లు కురుస్తది" అన్నాను.

దళారి తల పట్టుకున్నాడు. "ఏందమ్మా, ఇల్లు అమ్మనీకి పిలిచిన్రా, నన్ను పరేషాన్ చేయనీకి పిలిచిన్రా?"

గుమాస్తా మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. రాడని ముగ్గురికీ తెలుసు.

వాళ్లు వెళ్లాక నా మనసు తేలికపడింది. నిజం చెప్పినందుకా, నువ్వొస్తే తట్టడానికి ఈ తలుపు ఇంకా మనదే అయినందుకా? ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లి