ఒకే గదిలో ఉంటారా అన్న ప్రశ్న

నాచారం,
ఆదివారం.

పెద్దక్కకు సునీత నమస్కారాలు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? పిల్లలు బాగా చదువుతున్నారనుకుంటాను. మేమిక్కడ క్షేమం. ఎండలు ముదిరాయి, నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి. నీ మరిదికి ఫ్యాక్టరీలో షిఫ్టు మారింది. మా గురించి బెంగపెట్టుకోకు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త మాగాయ పంపు.

ఉప్పల్‌లో డీటీపీ సెంటర్లో టైపు చేస్తున్నాను కదా, ఈ నెలంతా నాజియా అనే యూనివర్సిటీ అమ్మాయి థీసిస్‌తో సరిపోయింది. స్వలింగ సంపర్కుల విషయంలో షరియత్ ఏమంటుంది, మానవ హక్కులు ఏమంటాయి, విద్యార్థులు ఏమనుకుంటున్నారు అన్నది విషయం. ఢిల్లీ కోర్టు తీర్పప్పుడు పేపర్లలో చదివాం, ఆ సంగతే. శిక్ష గురించి పాత పండితుల్లోనే ఒకే మాట లేదని రాసింది. తప్పు కాదని మాత్రం వాళ్లెవరూ అనలేదని కూడా దాచకుండా రాసింది.

విద్యార్థుల అధ్యాయం తీసెయ్యమని ఆమె గైడు చెప్పారట. “మా షరియత్ మీద ఎంత రాసినా సారుకు మంచిగనే ఉంటదక్కా. మన క్యాంపస్ గురించి రాస్తెనే కష్టమైతుంది” అంది. తీయలేదు.

విద్యార్థులు నింపిన ఫారాలు నేనే ఎక్కించాను. హక్కులు అందరికీ సమానమని టిక్కు పెట్టినవాళ్లే, కింద ‘అలాంటివారితో ఒకే గదిలో ఉంటారా?’ అన్నచోట ‘ఉండను’ అని పెట్టారు. హిందువులు, ముస్లిములు అని తేడా లేదు.

“మీరైతే ఏం పెడ్తరక్కా?” అని నాజియా మామూలుగానే అడిగింది. కరెంటు పోయేలా ఉంది, ముందు సేవ్ చేయాలని మాట తప్పించాను.

అక్కా, తమ్ముడు రవి మేడిపల్లిలో ఉంటున్నాడని నాకు ఏడాదిగా తెలుసు. వాడూ అలాంటివాడేనని తెలిసి బావగారు గడప తొక్కవద్దన్నాక నేనూ వాణ్ణి చూడలేదు. ఇక్కణ్ణుంచి ఒక్క బస్సు. మొన్న గురువారం వెళ్లాను.

తలుపు తీసి, “పెద్దక్కకి ఒంట్లో బాగోలేదా?” అన్నాడు.

“బాగానే ఉంది. నిన్ను చూద్దామని వచ్చాను.”

లోపలికి రమ్మన్నాడు. తర్వాత ఉప్మా చేశాడు. ఉప్పెక్కువైంది, ఇద్దరం తిన్నాం. చిక్కాడు. ట్యుటోరియల్లో లెక్కలు చెబుతున్నాడు. వచ్చే ఆదివారం భోజనానికి రమ్మన్నాను, వస్తానన్నాడు. నీ మరిదికి చెబితే “రానీ” అన్నారు, అంతే.

నాజియా థీసిస్‌ను గైడు పది రోజులు ఆపి, ఏమీ అనకుండానే సంతకం పెట్టారు.

రవి చిరునామా కాగితం వెనక రాశాను. ఒక కార్డు ముక్క రాయి. బావగారికి చెప్పాలో వద్దో నీ ఇష్టం. మీ అత్తగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన మా ఇద్దరికీ కావాలి, రవికి కూడా. వాడు అడగమనలేదు. నేనే అడుగుతున్నాను.

నీ చెల్లెలు,
సునీత