నిప్పు మీద మూత

మత్సుయామా, జూన్

ప్రియమైన కత్సునోరి గారికి,

మీరు ఫోన్లో అడిగినప్పుడు నవ్వాను, ఏమీ అనుకోకండి. ఈ వయసులో మీకు ఇంగ్లీషు పరీక్ష పెట్టడం, గట్టెక్కితేనే ఏప్రిల్లో మన ఊరి ఆఫీసుకు పంపుతామనడం, లేకపోతే కుషిరోలోనే ఉండమనడం! చేపల్ని గడ్డకట్టించే యంత్రాలకు ఇంగ్లీషు ఎందుకో నాకు అర్థం కాలేదు. కానీ నాలుగేళ్ళుగా ఆ చలిలో ఒంటరిగా ఉన్నారు. మీరు ఇంటికి రావడానికి ఇదే దారైతే, కాలేజీ ఆడపిల్లలకు చెప్పే చదువు మీకు చెప్పలేనా?

ఫోన్లో మాత్రం వద్దు. ఫోన్లో మనం "తిన్నారా", "తిన్నాను" దాటి ఎప్పుడు వెళ్ళాం? ఉత్తరాల్లో చెబుతాను. ఇంగ్లీషు పేపర్లో ఒక హెడ్డింగు కత్తిరించి పంపుతాను. అందులో ఒక్క మాట పట్టుకుని అది ఎక్కడ పుట్టిందో చూద్దాం. పుట్టిల్లు తెలిసిన మాట అంత తొందరగా మరుపుకు రాదు.

ఇవాళ్టి హెడ్డింగులో ఒకే నదిలోని సాల్మన్ చేపల కోసం రెండు సంఘాలు కొట్టుకుంటున్నాయి. వాళ్ళను "రైవల్స్" అన్నారు. ఆ మాటకు లాటిన్లో మొదటి అర్థం, ఒకే వాగు నీళ్ళు వాడుకునేవాళ్ళు అని. అంటే ముందు ఇరుగుపొరుగు, తర్వాతే పగవాళ్ళు.

ఇలా చెబితే పరీక్షకు పనికొస్తుందా, లేక నా సరదా నేను తీర్చుకుంటున్నానా? మొహమాటం లేకుండా చెప్పండి.

మన ఫుమియే నాగోయా కాలేజీలో కుదురుకుంది. పిల్ల వెళ్ళాక ఇంట్లో బియ్యం తరగడమే లేదు.

మీ చిజురు

*

కుషిరో, జూలై

ప్రియమైన చిజురూ,

పనికొస్తోంది. వాగు కథ ఆఫీసులో చెప్పాను. మా కురిబయాషి, "అయితే సార్, మనిద్దరిదీ ఒకటే కాఫీ మెషీను, మనమూ రైవల్సే" అన్నాడు. "నువ్వు తాగిన కప్పు కడగవు కాబట్టి నువ్వు రైవల్‌వి కూడా కాదు, ఉత్త దొంగవి" అన్నాను. అందరూ నవ్వారు. నేను జోకు వేయగా ఇక్కడ ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

నువ్వు పంపినవన్నీ స్నానాల గదిలో అద్దం చుట్టూ అంటించాను. గడ్డం గీసుకుంటూ చదువుతాను. పోయిన వారం పంపిన "కంపానియన్" బాగా పట్టుకుంది. కలిసి రొట్టె తినే మనిషి అని రాశావు. నేను రొట్టె సింకు ముందు నిలబడి తింటాను. పొడి కింద రాలదు, ప్లేటు కడగక్కర్లేదు.

ఇక్కడ జూలైలోనూ పొగమంచే. స్టవ్వు వెలిగించే రాస్తున్నాను.

ఒకటి అడగనా? అసలు నువ్వు ఇంగ్లీషు చదువు ఎందుకు ఎంచుకున్నావు? ఇంత కాపురం చేసి ఈ మాట నిన్నెప్పుడూ అడగలేదని మొన్న అద్దం ముందు తట్టింది.

నీ కత్సునోరి

*

మత్సుయామా, అక్టోబరు

ప్రియమైన మీకు,

ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి మూడు కాగితాలు చింపాను. మా అమ్మగారి ఊళ్ళో రేవు ఉండేది. పరదేశపు ఓడల మీద పేర్లు ఉండేవి. వాటిని చదవాలనిపించింది. ఏ ఓడా ఎక్కాలని కాదు, చదివితే చాలని. చిన్న కోరికే. అందుకే ఎవరికీ చెప్పలేదేమో.

ఇప్పుడు నా వంతు. బదిలీ సంగతి చెప్పిన రోజు మీరు గుమ్మంలో బూట్లు విప్పుతూ "కుషిరో" అన్నారు. నేను "అట్టపెట్టెలు తెప్పిస్తాను" అన్నాను. అంతే. పిల్ల చదువుంది, ఇల్లుంది, మీ కంపెనీలో ఏ భార్య వెంట వెళ్ళింది గనక? మీరు రమ్మనలేదు. నేను రానా అని అడగలేదు. ఆ రోజు మీకు ఏమనిపించింది?

పరీక్ష వచ్చే నెలే కదా. ఈసారి హెడ్డింగు ఎక్కడో దూరపు నగరంలో "కర్ఫ్యూ" ఎత్తేశారని. పాత ఫ్రెంచి మాట, నిప్పు మీద మూత అని అర్థం. సాయంత్రం గంట కొడితే ఇళ్ళలో పొయ్యి కప్పేయాలి. అది నిప్పును చంపడమా, దాచడమా అని ఆలోచిస్తున్నాను. బూడిద కప్పితే లోపల నిప్పు తెల్లారేదాకా ఉంటుంది కదా.

మీ చిజురు

*

మత్సుయామా, ఫిబ్రవరి

ఏమండీ,

అక్టోబరు ఉత్తరానికి జవాబు లేదు. ఆ తర్వాత పంపిన హెడ్డింగులకూ లేదు. ఫోన్లో మళ్ళీ "తిన్నావా", "తిన్నాను". పరీక్ష పోయిందేమో, అడిగితే నొచ్చుకుంటారని ఊరుకున్నాను.

నిన్న సూపర్‌మార్కెట్లో, కమలాపళ్ళ దగ్గర, మీ కంపెనీ ఇక్కడి ఆఫీసులో పనిచేసే హిరావొకా గారి భార్య కలిసింది. "మీవారు మంచి మార్కులతో గట్టెక్కారటగా. పాపం, ఇక నుంచి మళ్ళీ రెండు పూటలా వంట మీకు" అంది. అన్నీ తెలిసినట్టే తల వంచి నవ్వాను. అక్కర్లేకపోయినా ఒక సంచి కమలాలు కొనుక్కొచ్చాను.

అక్కడ ఎవరైనా ఉన్నారా? ఉంటే హెడ్డింగంత పొట్టిగా చెప్పండి, చాలు.

చిజురు

*

కుషిరో, ఫిబ్రవరి

ప్రియమైన చిజురూ,

ఎవరూ లేరు. పొట్టిగా చెప్పేశాను. ఇక పొడుగ్గా చెబుతాను.

పరీక్ష గట్టెక్కాను. డిసెంబరులోనే తెలిసింది. ఉత్తర్వు రాకముందే మా మేనేజరు పక్కకు పిలిచి, "ఏప్రిల్లో ఇంటికి వెళ్తున్నావు, పెట్టె సర్దుకో" అన్నాడు. మర్నాడు వెళ్ళి, నన్ను ఇక్కడే ఉంచండి అన్నాను. "ఇంట్లో గొడవా?" అన్నాడు. "లేదు సార్. గొడవపడేటన్ని మాటలు మా మధ్య ఎప్పుడూ లేవు" అన్నాను.

ఇంట్లో నేను మాట్లాడేవి మూడే మాటలు. స్నానం, అన్నం, నిద్ర. నువ్వు స్నేహితురాలితో అలా అని నవ్వుతుంటే వసారాలోంచి విన్నాను. తప్పేం లేదు, నిజమే. అలాంటిది ఈ ఉత్తరాల్లో నీతో మాట్లాడాను. నువ్వూ ఓడల పేర్లు చెప్పావు. ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పగానే నా నోరు మళ్ళీ పడిపోతుందని భయం వేసింది. పాత మనిషిని తెచ్చి నీ ఎదుట కూర్చోబెట్టేకంటే, ఈ ఉత్తరాల మనిషిగా దూరంగా ఉండటమే మేలనుకున్నాను.

ఆ రోజు ఏమనిపించిందని అడిగావు. నువ్వు "నేనూ వస్తాను" అంటావేమోనని కాసేపు బూటు లేసు పట్టుకునే ఉన్నాను. రమ్మని అడగడం నాకు తెలియలేదు. ఇప్పుడు కూడా నిన్ను అడక్కుండానే తేల్చేశాను.

కత్సునోరి

*

మత్సుయామా, మార్చి

ప్రియమైన కత్సునోరి గారికి,

రెండు రోజులు కోపంతో కమలాలు తింటూ కూర్చున్నాను. సంచి ఖాళీ అయింది, కోపం సగం మిగిలింది. ఆ సగం తెస్తున్నాను.

అవును, వస్తున్నాను. మీరు ఈసారి కూడా రమ్మనలేదు, నేనూ రానా అని అడగడం లేదు. ఏప్రిల్ నుంచి క్లాసులు తీసుకోనని కాలేజీలో చెప్పేశాను. ఫుమియేకి ఫోన్ చేస్తే, "నాన్నతో ఏం మాట్లాడతావమ్మా?" అంది. తెలీదన్నాను. నిజంగానే తెలీదు. మొదటి వారం ఇద్దరం స్టవ్వునే చూస్తూ కూర్చుంటామేమో. అట్టపెట్టెలు కడుతూనే, ఇది తెలివైన పనేనా అని ఇంకా అనుమానపడుతున్నాను. అయినా కడుతున్నాను. ఈసారి నావి.

ఒక్క షరతు. సింకు ముందు నిలబడి రొట్టె తినడం ఇక కుదరదు.

ఇది ఇవాళ పోస్టు డబ్బాలో వేసి రేపు బయలుదేరుతున్నాను. ఉత్తరం కంటే నేనే ముందు చేరతాను. వచ్చాక దీన్ని అద్దం ముందుకు పట్టుకెళ్ళి మనసులో చదువుకోకండి. స్టవ్వు దగ్గర కూర్చుని పైకి చదవండి. ఎక్కడైనా ఆగిపోతే కంగారు లేదు, నేను ఆగుతాను.

ఇక్కడిదాకా చదివారు కదా. ఇప్పుడు తల ఎత్తండి. ఎదురుగానే ఉన్నాను.

మీ చిజురు