వంటింటి వెనక గుంత

కుండల్‌వాడి,
సోమవారం.

తనిఖీ ఇంజినీరు గారికి,

మీదీ ఈ సరిహద్దు ఊరే కాబట్టి తెలుగులో రాస్తున్నాను. మరాఠీ ప్రతి మీ పై అధికారికి పంపాను.

మా దళితవాడలో మైసవ్వ పిండిగిర్నికి ఎర్తింగ్ లేదని రాసి కరెంటు అనుమతి ఆపారు. ఎర్తింగ్ గుంత ఆమె వంటింటి వెనక ఉంది. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చి, తడి ఆరకుండా రోజూ బిందెడు నీళ్లు పోస్తోంది. మీరు తనిఖీకి వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను.

"వంటింట్లకెల్లి పోవాలె, రా సారూ" అని ఆమె పిలిచింది.

"ఉండనీ అవ్వా, ఈడికెల్లే కనపడ్తది" అన్నారు మీరు, గడప బయట నిలబడి.

గోడ అవతలిది చూసే కళ్లు మీకెక్కడివి? పెద్ద వీధి గిర్ని వాళ్లింట్లో మాత్రం వంటింట్లో కూర్చుని చాయ్ తాగి మరీ గుంత చూశారు కదా.

"సారుకు మోకాళ్ల నొప్పులేమో" అంది మైసవ్వ. నాకు అంత మంచితనం లేదు.

నెలాఖరులోగా అనుమతి రాకపోతే మహిళా సంఘం ఆమెకిచ్చిన గిర్ని యంత్రాన్ని వెనక్కి తీసుకుని ఇంకొకరికిస్తుంది. ఆమె మళ్లీ పత్తి కూలికే పోవాలి.

కాబట్టి మళ్లీ రండి, ఆ వంటింట్లోంచి నడవండి. రాలేకపోతే "ఎర్తింగ్ లేదు" అన్నది కొట్టేసి, "నేను లోపలికి పోలేదు" అని రాయండి. ఎందుకు పోలేదో కూడా రాసి, దాని కింద సంతకం పెట్టండి.

ఇట్లు,
మైసవ్వ పక్కింటివాడు